ఎల్లారెడ్డిలో పటం నేర్పిన ఏడాది

ఆ రోజుల్లో నా చేతిసంచి విప్పి చూసినవాళ్ళు నేను కిరాణా దుకాణం నుంచి వస్తున్నాననే అనుకునేవారు. అందులో ఆవాలు, పెసరపప్పు, పురికొస, పాత సైకిల్ ట్యూబు ముక్క, దర్జీవాళ్ళు బట్ట మీద గుర్తులు పెట్టుకునే పళ్ళ చక్రం, చిన్న డబ్బాలో మైదా జిగురు ఉండేవి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే పొద్దుటి బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి కండక్టరు, "టీచరమ్మా, బడికి పోతున్నరా, పెండ్లి వంటకు పోతున్నరా?" అని అడిగాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ పెండ్లికే" అన్నాను. అతనికి అప్పటికే నలుగురు పిల్లలట. బస్సంతా నవ్వింది, అతనూ నవ్వాడు. ఆ తర్వాత ఎంత రద్దీ ఉన్నా నాకు ముందు సీటు ఆపేవాడు.

చూపు లేని పిల్లలకు, చూపు తక్కువగా ఉన్న పిల్లలకు చదువు చెప్పడం నా పని. ఎనభైల్లో అలాంటి పిల్లల్ని దూరంగా హాస్టళ్ళకు పంపకుండా మామూలు బడిలోనే చదివించాలని సర్కారు అనుకుంది. అనుకుని, ఒక్కో ప్రాంతానికి నాలాంటి ఒక్కో మనిషిని వేసి చేతులు దులుపుకుంది. నేను కామారెడ్డిలో గది అద్దెకు తీసుకుని వారంలో మూడు రోజులు అక్కడి బడిలో, మూడు రోజులు ఎల్లారెడ్డి బడిలో ఉండేదాన్ని. బ్రెయిలీ పుస్తకాలు ఆలస్యంగానైనా వచ్చేవి. కానీ వాటిలో బొమ్మలు ఉండేవి కావు. "పక్కనున్న పటము చూడుము" అని చుక్కల్లో రాసి ఉండేది, పక్కన ఏమీ ఉండేది కాదు. భూగోళం తీసినా, జ్యామితి తీసినా అదే తంతు. ఆ లేని పటాలను చేతికి తగిలేలా చేసి, వేళ్ళతో చదవడం నేర్పే పని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే నెత్తికెత్తుకున్నాను.

పురికొస అంటిస్తే నది. ఆవగింజ అంటిస్తే ఊరు. పెసరగింజ అంటిస్తే జిల్లా కేంద్రం. రాత్రికి అటక మీద పెడితే తెల్లారేసరికి ఎలుకలు జిల్లా కేంద్రాలన్నీ తినేసి, నదుల్ని మాత్రం వదిలేసేవి. మళ్ళీ అంటించేదాన్ని. చదివే పద్ధతి చెప్పడానికి తేలికే. ముందు రెండు అరచేతులూ అట్ట మీద ఆనించి అది ఎంత ఉందో, అంచులు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి. తర్వాత ఎడమచేతి వేలు ఒక గుర్తు మీద నిలిపి, కుడిచేతి వేలితో గీత వెంట పోవాలి. ఎడమ వేలు లేచిందంటే ఎక్కడి నుంచి బయలుదేరామో మర్చిపోయినట్టే. నొక్కకూడదు, నొక్కితే వేలికి ఏమీ తెలియదు. ఇంతే. ఈ ఇంత నేర్చుకోవడానికి ఒక ఏడాది పడుతుంది.

కామారెడ్డి బడిలో మాచారెడ్డి నుంచి వచ్చే ఒక పిల్లవాడు ఉండేవాడు. పుట్టుకతోనే చూపు లేదు. మొదటిసారి వాళ్ళ ఊరి పటం చేసి ఇస్తే వేళ్ళు ఆడించి, "టీచర్, ఇండ్లన్నీ గిట్ల సపాటుగ పండుకున్నయేంది?" అన్నాడు. పైనుంచి చూస్తే అలాగే ఉంటాయని చెప్పాను. "పైకెక్కి ఎవరు జూసిండ్రు?" అన్నాడు. దేవుడు చూశాడన్నాను. "గట్లయితే గీ పటం దేవునికే ఇయ్యిండ్రి" అన్నాడు. కోపం రావలసింది, నవ్వొచ్చింది. చూపున్న మనిషి ఊహలో మాత్రమే ఉండే ఒక వస్తువును ఆ పిల్లల చేతికిస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఎల్లారెడ్డి అమ్మాయి సంగతి వేరు. ఆమె పటాలు చూసిన పిల్ల.

నేను మొదటిసారి కలిసేనాటికి తొమ్మిదో తరగతిలో ఉంది. ముస్లింల అమ్మాయి, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. తండ్రి దుబాయిలో మేస్త్రీ పని చేసేవాడు, రెండు మూడేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవాడు. తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. బడి నుంచి వచ్చాక ఈ పిల్ల కూడా చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కింద ఒక తమ్ముడు, అప్పటికి మూడేళ్ళవాడు. ఆమెకు చిన్నప్పటి నుంచీ రేచీకటి. పొద్దు గుంకితే ఇంట్లో గిన్నెలు తన్నుకుంటూ తిరిగేది. పగలు కూడా ఎదురుగా ఉన్నది కనిపించేది గానీ పక్కనున్నది కనిపించేది కాదు. బడిలో పిల్లల్ని గుద్దుకుంటూ పోతుంటే పొగరనుకున్నారు. ఎవరో ఉపాధ్యాయుడికి అనుమానం వచ్చి నా దగ్గరికి పంపాడు.

ఆమె ముందు మొదటి రోజుల్లోనే నా పరువు పోయింది. పళ్ళ చక్రంతో పటం చేసేటప్పుడు మందపు కాగితాన్ని ట్యూబు ముక్క మీద పరిచి వెనకవైపు నుంచి గీత గీయాలి. చుక్కలు ముందువైపు ఉబ్బుతాయి. అప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అందుకని పటాన్ని తిరగేసి గీయాలి. ఈ పని చేసే ప్రతివాళ్ళం ఒక్కసారైనా అది మర్చిపోతాం. నేను మర్చిపోయిన పటం ఈ పిల్ల చేతిలోనే పడింది. అటూ ఇటూ చూసి చాలా నెమ్మదిగా, "టీచర్, సముద్రం హైదరాబాదు అవతలికి ఎప్పుడు వోయింది?" అంది. చూద్దును కదా, బంగాళాఖాతం బీదరు పక్కన ఉంది.

ముందు నేనూ నవ్వాను. తర్వాత గమనించాను. ఆమె ఆ కాగితాన్ని వేలితో ముట్టలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కాస్త ఏటవాలుగా పట్టుకుంది. పొద్దుటెండ పక్కనుంచి పడి ప్రతి చుక్క వెనకా చిన్న నీడ ఏర్పడింది. ఆ నీడల్ని కళ్ళతో చదివింది. గోడ మీది పటం ఆమెకు గుర్తుంది కాబట్టి తప్పు పట్టేసింది. "వేళ్ళతో చదవాలి" అంటే, "కనవడుతుంటే వేళ్ళెందుకు టీచర్?" అంది. అక్షరాలు పెద్దవిగా రాసిస్తూ, కిటికీ పక్కన కూర్చోబెడుతూ ఆర్నెల్లు గడిపాను.

ఆ చలికాలం కామారెడ్డిలో కంటి క్యాంపు పెట్టారు. తల్లినీ పిల్లనూ నేనే బస్సులో తీసుకొచ్చాను. పట్నం నుంచి వచ్చిన డాక్టరు పిల్ల కళ్ళల్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. పిల్లను బయట కూర్చోమని తలుపు దగ్గరికి వేయించాడు. కంటి లోపలి పొర ఎండిపోతోందని, దానికి మందు లేదు, ఆపరేషన్ లేదని చెప్పాడు. "ఏడాది. మహా అయితే ఏడాదిన్నర. ఈలోపల మీరు నేర్పగలిగినంత నేర్పండి" అన్నాడు. నేను తల్లికి ఆ మాట విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆమె అప్పుడు ఏడవలేదు. బయట అరుగు మీద పిల్ల జామకాయ కొరుకుతూ, క్యాంపుకొచ్చిన జనాన్ని తల తిప్పి తిప్పి చూస్తోంది. తల పూర్తిగా తిప్పితేగానీ మనుషులు కనిపించరు ఆమెకు.

బస్టాండుకు నడుస్తుంటే తల్లి నా చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, దానికి చెప్పకుండ్రి. నా నోట నేను చెప్పలేను. మీరు గూడ చెప్పకుండ్రి. వచ్చే చలికాలం వాళ్ళ అబ్బా వస్తడు. ఆయననే చెప్పనీయిండ్రి" అంది.

సరేనన్నాను. ఇక్కడ నిజం రాయాలి. ఆ సరే తల్లి కోసం మాత్రమే అన్నది కాదు. పద్నాలుగేళ్ళ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ చూపు పోతుంది అని చెప్పే ధైర్యం నాకు లేదు. మామూలుగా నోటికి అడ్డూ అదుపూ లేని మనిషిని నేను. ఆ ఒక్క మాట చెప్పాల్సి వచ్చేసరికి తల్లి చాటున దాక్కున్నాను. బస్సులో పిల్ల నన్ను, "డాక్టరు ఏమన్నడు టీచర్?" అని అడిగింది. "బలమైన తిండి తినమన్నాడు" అన్నాను. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తండ్రికి మాత్రం ఆమె ఉత్తరం రాయించిందని తర్వాత తెలిసింది.

మరుసటి వారం నుంచి ఆ పిల్ల కళ్ళకు గుడ్డ కట్టడం మొదలుపెట్టాను.

నేను శిక్షణ తీసుకున్నచోట అదే నేర్పారు. కాస్త చూపున్న పిల్ల ఎప్పటికీ వేళ్ళను నమ్మదు, కళ్ళతో దొంగచూపు చూస్తూనే ఉంటుంది. చూపు పోయాక మొదలుపెడితే ఆ దిగులులో వేళ్ళు మొద్దుబారతాయి. అందుకని ముందే కళ్ళు మూసి నేర్పాలి. పద్ధతి తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆమెకు ఎందుకో చెప్పాలి కదా. "పదో తరగతి పరీక్షలో నీలాంటి పిల్లలకు చేతి పటమే ఇస్తారు. గుడ్డ కట్టుకునే చదవాలి, రూలు" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. ఆమె నమ్మింది. తనే తల్లి పాత ఓణీలోంచి నల్ల ముక్క చింపి తెచ్చుకుంది. "పరీక్షకు గూడ గిదే కట్టుకుంట" అంది.

నా బస్సు ఎల్లారెడ్డి చేరేసరికి తొమ్మిది దాటేది. పాఠం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా. బడి వరండాలో బెంచీ వేసుకుని కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం బస్సుకు నేను వెనక్కి వచ్చేయాలి కాబట్టి వేరే వేళ లేదు. ఆ పిల్లకు చూపు బాగుండేది సరిగ్గా ఆ వేళలోనే. ఎండ బాగా ఉన్నప్పుడు, పొద్దుటిపూట మాత్రమే ఆమెకు లోకం తేటగా కనిపించేది. మధ్యాహ్నం దాటితే మసక, సాయంత్రానికి ఏమీ ఉండేది కాదు. రోజులో ఉన్న ఆ రెండున్నర గంటల చూపుకూ నేను గుడ్డ కట్టాను, వారంలో మూడు రోజులు, నెలల తరబడి. ఇది ఒక లెక్కగా నాకు అప్పుడు తోచనే లేదు. పాఠం జరుగుతోందా లేదా అన్నదే చూసుకున్నాను.

పాఠం బ్రహ్మాండంగా జరిగింది. బీడీలు చుట్టిన వేళ్ళు కదా, వాటికి ముందే చాలా విషయాలు తెలుసు. తునికాకును తడిమి ఈనె ఎటు పోతోందో చూడకుండానే చెప్పగలదు. గోదావరి పురికొస మీద వేలు పెట్టి, "ఆకు ఈనె లెక్కనే ఉన్నది టీచర్, సన్న సన్న ఈనెలు అచ్చి గిందుల కలుస్తున్నయి" అంది. ఉపనదులంటే ఏమిటో అంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. నేను మురిసిపోయాను. మూడు నెలల్లో రెండు చేతులూ వాటి వాటి పనులు నేర్చుకున్నాయి. ఎడమ వేలు లేవకుండా నిలబడేది, కుడి వేలు పరుగెత్తేది.

మధ్య మధ్య గుడ్డ కొద్దిగా పైకి జరిపి కింద సందులోంచి చూసేది. పిల్లలన్నాక చూస్తారు. ఒకరోజు అలా చూస్తుంటే పట్టుకుని చేతి మీద స్కేలుతో కొట్టాను. గట్టిగానే కొట్టాను. "దొంగచూపులు చూస్తే ఏమొస్తుంది నీకు?" అని అరిచాను. "తప్పయింది టీచర్" అంది. ఆ పిల్ల చూడడాన్ని దొంగతనమని ఎందుకు అనుకున్నానో, తన కళ్ళతో తాను చూడడం ఏ రకం తప్పో, ఇప్పుడు ఎంత తన్నుకున్నా నాకు అర్థం కాదు. చెయ్యి ఎర్రగా కందింది. అదే చెయ్యి మళ్ళీ పటం మీద పెట్టించాను.

ఏప్రిల్‌లో ఒంటిపూట బడుల రోజుల్లో ఒకనాడు పదకొండింటికే మబ్బు కమ్మి వడగండ్లు పడ్డాయి. కాసేపే. రేకుల మీద రాళ్ళు కుమ్మరించినట్టు చప్పుడై ఆగిపోయింది. వెంటనే ఎండ వచ్చింది. బడి మైదానమంతా తెల్లగా మెరిసిపోతోంది. పిల్లలందరూ కేకలు వేస్తూ బయటికి ఉరికారు. నా పక్కన ఈ పిల్ల గుడ్డతో కూర్చుని ఉంది. "టీచర్, ఒక్కసారి ఇప్పనా? గ్రౌండంత తెల్లగయిందని అంటున్నరు" అంది. మేం కృష్ణా నది మీద సగందూరం వచ్చి ఉన్నాం. ఎడమ వేలు తీస్తే మళ్ళీ మొదటికొస్తుంది. "పాఠం అయ్యాక" అన్నాను. తర్వాత నేనే లేచి వెళ్ళి గుప్పెడు వడగండ్లు తెచ్చి ఆమె కుడి అరచేతిలో పోశాను. "ముట్టుకుంటే తెలుస్తుంది కదా, చూడాలా?" అన్నాను, ఏదో గొప్ప పాఠం చెప్పినట్టు. ఆమె చల్లగా ఉన్నాయని నవ్వింది. పాఠం అయ్యేసరికి మైదానం మామూలుగా ఉంది, తడి తప్ప ఏమీ లేదు.

చెప్పి ఉంటే ఏమయ్యేదని ఎన్నోసార్లు ఆలోచించాను. ఏడ్చేది. నెలల పాటు ఏడ్చేదేమో. బడి మానేసేదేమో, పటం విసిరికొట్టేదేమో, నన్ను తిట్టేదేమో. ఇవన్నీ జరిగేవనుకున్నా సరే, ఆ ఏడుపు ఆమెది. దాన్ని ఆమెకు ఇవ్వకుండా దాచడానికి నేనెవరు? కానీ ఇదంతా ఇప్పటి తెలివి. అప్పటి నాకు ఉన్నది తొందర ఒక్కటే. చూపు పోయే లోపల వేళ్ళు సిద్ధం కావాలి. ఆ తొందర ఆమెకు తెలియదు. ఆమెకు రోజులు మామూలుగానే పోతున్నాయి. ఒకనాడు గుడ్డ ముడి వేయించుకుంటూ, "పరీక్ష అయిపోతే ఇగ గుడ్డ కట్టుకునుడు ఉండదు గద టీచర్?" అని అడిగింది. "ఉండదు" అన్నాను. ముడి వేయడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది.

వేసవి సెలవులైపోయి పదో తరగతి మొదలయ్యాక పిల్ల బడి మెట్ల దగ్గర తడుముకోవడం చూశాను. వానలు వెళ్ళేసరికి పొద్దుటి వెలుతురు కూడా ఆమెకు పెద్దగా పనికిరాలేదు. ఒకరోజు మామూలుగానే బెంచీ మీద కూర్చుంది. నేను గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. "వద్దు టీచర్" అంది. ఎందుకన్నాను. "కట్టినా కట్టకున్నా ఒక్క తీరుగనే ఉంటున్నది" అంది. ఆ మాటను అంత మామూలుగా ఎవరైనా అనగలరని నేను అనుకోలేదు. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆమె అప్పటికే రెండు అరచేతులూ పటం మీద ఆనించి, అంచులు వెతుక్కుంటోంది.

ఆమె భయపడలేదు. అదే నన్ను ఇంకా బాధపెట్టింది. "చదువు ఎక్కువైంది, గందుకే కండ్లు అలిసినయి. అబ్బా వచ్చినంక పెద్ద దవాఖానకు తీసుకపోతడు, అద్దాలు ఇస్తరు" అని నాకే ధైర్యం చెప్పింది. నేను తలూపాను. తల ఊపడం ఆమెకు కనిపించదని ఒక క్షణం తర్వాత గుర్తొచ్చి, "అవును" అన్నాను. ఇంకొక అబద్ధం.

వాళ్ళ ఇంట్లో తండ్రి ఉత్తరాలు క్యాసెట్లలో వచ్చేవి. సెలవు మీద వచ్చే ఊరివాళ్ళ చేత పంపేవాడు. టేపురికార్డరులో పెడితే ఒకవైపంతా ఆయన మాట్లాడేవాడు, రెండోవైపు వీళ్ళు మాట్లాడి తిరిగి పంపేవాళ్ళు. చలికాలం మొదట్లో వచ్చిన క్యాసెట్‌లో సెలవు దొరికిందని చెప్పాడు. పిల్ల నా దగ్గరికి వచ్చి, "అబ్బా వచ్చే తొవ్వ పటం చెయ్యరా టీచర్? ఆయన కూసుంటే నేను చదివి చూపిస్త" అంది. ఆ పటం మీద పెట్టినంత ప్రాణం నేను ఏ పటం మీదా పెట్టలేదు. సముద్రానికి వడ్రంగి దగ్గర తెచ్చిన గరుకు కాగితం అంటించాను. నేలకు మెత్తటి గుడ్డ. విమానం దారికి సన్న దారం, రైలు దారికి పురికొస. బొంబాయికి పెసరగింజ, కామారెడ్డికి ఆవగింజ, దుబాయికి ఒక చొక్కా గుండీ. నెల రోజుల్లో ఆమె దాన్ని ఎక్కడా ఆగకుండా చదవడం నేర్చుకుంది.

తండ్రి వచ్చాడు. వచ్చిన వారానికే పిల్లను హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ డాక్టర్లు ఇక ఏమీ లేదని ఆమె ముందే చెప్పేశారు. ఆమె రెండు రోజులు తిండి తినలేదని, మూడో రోజు లేచి తల స్నానం చేసి, బడికి పోతానందని తల్లి నాకు చెప్పింది. ఆ పిల్ల గట్టిదని మేమిద్దరం అనుకున్నాం. కష్టమైనది ముగిసిందనుకున్నాం.

ఆ శనివారం పాఠం అయ్యాక వాళ్ళింటికి పిలిచారు. ముందు గదిలో చాప పరిచి కూర్చోబెట్టారు. తండ్రి ఎండకు నల్లబడిన సన్నటి మనిషి, మాట నెమ్మది. తల్లి వంటింటి గడప దగ్గర నిలబడింది. తమ్ముడు తండ్రి తెచ్చిన బొమ్మ కారు ఆడించుకుంటున్నాడు. పిల్ల పటం ముందు పెట్టుకుని, "అబ్బా, చూడు" అని మొదలుపెట్టింది. ఎడమ వేలు గుండీ మీద నిలిపింది. కుడి వేలు గరుకు కాగితం మీద సన్న దారం పట్టుకుని బయలుదేరింది. "గిది సముద్రం. గిక్కడ నుంచి విమానం. గిది బొంబాయి. గిక్కడ దిగి రైలెక్కినవు..." తండ్రి ఆ వేలు వైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు, పిల్లకు కనిపించవు కదా.

"మేడం, మీరు చేసిన మేలు మేం మరువం" అన్నాడు నాతో. "క్యాంపుల డాక్టరు చెప్పిన దినం నుంచే మీరు తయారు చేస్తిరి. కండ్లు ఉన్నప్పుడే గుడ్డ కట్టి నేర్పిండ్రని మా ఇంట్లామె రాయించింది. లేకుంటే ఇయ్యాల నా బిడ్డ మూలకు కూసుంటుండె."

గడప దగ్గర తల్లి చెయ్యి ఎత్తింది, ఆపమన్నట్టు. అప్పటికే ఆయన మాట పూర్తయింది. కృతజ్ఞతతో అన్న మాట అది. ఆయన చెబుతాడని ఏడాది పాటు మేం ఆయనకోసం దాచిపెట్టిన మాట కూడా అదే.

పిల్ల కుడి వేలు బొంబాయి మీద ఆగింది. "ఏ క్యాంపు?" అంది.

ఆమె ముఖం నా వైపు తిప్పింది. "టీచర్, ఏ క్యాంపు? కామారెడ్డి క్యాంపా? పోయిన చలికాలందా?"

"అవును" అన్నాను.

"గుడ్డ గందుకే కట్టిండ్రా?"

"అవును."

"పరీక్ష రూలు కాదా?"

"కాదు" అన్నాను.

కోపం తెచ్చుకుంటుందని ఎదురుచూశాను. వస్తే బాగుండేది, కోపమైతే నాకు తెలిసిన వస్తువు. ఆమె మాత్రం ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలించి, "గప్పుడు నాకు పొద్దుగాల మంచిగనే కనవడుతుండె" అంది. "చెప్తే చూసుకుంటుంటి గద టీచర్. ఏమేం చూడాల్నో ఏరుకొని చూసుకుంటుంటి. తమ్ముని మొఖం సరిగ్గ చూడనే లేదు నేను. రోజూ ఉంటడు గద అనుకున్న. అబ్బా ఫోటో పెట్టెల ఉంటుండె, తీసి చూడలేదు. వస్తడు గద అనుకున్న."

తండ్రి తల వంచుకున్నాడు. తల్లి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఏదో చెప్పబోయాను. నీ మంచికే అనో, అమ్మ వద్దందనో, డాక్టరు అన్నాడనో. ఒక్కటీ నోటి దాకా రాలేదు. క్షమించమని అడగాలని తోచింది, పిల్లలను క్షమించమని అడిగే అలవాటు మా ఉద్యోగంలో లేదు. అయినా అడిగాను.

ఆమె ఆ పరీక్ష రాసింది, పటం ప్రశ్న కూడా చేసింది, పాసైంది. అదంతా తర్వాతి మాట. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఏ పిల్లకైనా, ఎంత చిన్నదైనా, తల్లిదండ్రులు ఎంత బతిమాలినా, తెలిసిన సంగతి ముందు చెప్పాకే నేను గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. అది కూడా ఎల్లారెడ్డి పిల్లకు ఏ రకంగానూ పనికొచ్చే విషయం కాదు.

ఆ రోజు ఆ గదిలో ఆమె పటాన్ని నెమ్మదిగా పక్కకు పెట్టింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నన్ను అడిగింది.

"ఇంకేమన్న ఉన్నదా టీచర్? మీకు ఎరుకయ్యి నాకు చెప్పనిది."

"లేదు" అన్నాను. నిజమే చెప్పాను. ఆమె మరికొంతసేపు అలాగే నా వైపు ముఖం పెట్టి కూర్చుంది. తర్వాత "సరే" అంది. ఆమె నమ్మలేదు.